అది సాధుత్వం కాదు, నీరసం

"కుక్కలా మొరగదు. పిల్లిలా సోఫాలు గీరదు. తెల్లారగట్ల లేచి బయట తిప్పక్కర్లేదు. నాలుగు ఆకులు పడేస్తే గాజుపెట్టెలో ఓ మూల తన మానాన తను పడుంటుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంటికి ఇంతకన్నా సుఖమైన పెంపుడు జీవి లేదు." బల్లి జాతికి చెందిన ఆకుపచ్చ ఇగ్వానా గురించి మన నగరాల్లో స్థిరపడిపోయిన అభిప్రాయం ఇది. అమ్మేవాళ్లు ఇదే చెబుతారు. కొన్నవాళ్లు ఇదే నమ్ముతారు. పక్క ఫ్లాట్‌కు వెళ్లి చూసొచ్చినవాళ్లు కూడా "నిజమే, ఎంత సాధువో" అని ఒప్పుకుంటారు.

ఇది ఇష్టాయిష్టాల తేడా అయితే నేను కలం పట్టేవాణ్ని కాను. ఎవరి ఇల్లు, ఎవరి ముచ్చట వాళ్లది. కానీ ఈ నమ్మకం ఒక ప్రాణిని నెలల తరబడి, దీపంలో నూనె తగ్గినట్టు, చప్పుడు లేకుండా చంపుతుంది. చంపుతున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వదు. పైగా ఆ చావు గుర్తులనే మంచి లక్షణాలుగా చూపిస్తుంది. శ్రమ లేని పెంపకం అని మనం మెచ్చుకుంటున్నది చాలా ఇళ్లలో ఆ జీవికి ముదిరిన జబ్బు.

ఇది నాకు చేతులారా తెలిసిన విషయం. 2019లో మా అక్క కొడుకు డిగ్రీలో చేరిన సంబరంలో ఒక ఇగ్వానా పిల్లను కొనుక్కొచ్చాడు. జానెడు పొడవు, అందులో సగానికి పైగా తోకే. లేత అరిటాకు రంగు. చేపలు పెంచే రెండడుగుల గాజుతొట్టి, అడుగున కాస్త కొబ్బరిపొట్టు, ఓ ఎండుకొమ్మ, మామూలు బల్బు ఒకటి. దుకాణంవాళ్లు ఇచ్చిన సరంజామా అంతే. క్యాబేజీ, కీరదోస వేస్తే చాలన్నారట. ఎనిమిది నెలల తర్వాత నేను చూసేసరికి దాని తొడలు గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఆ పుష్టికి మురిసిపోతున్నారు. "చూడు మామయ్యా, చేతిలో పెట్టుకుంటే కదలనే కదలదు, ఎంత మాలిమి అయిందో" అంటూ వాడు దాన్ని నా అరచేతిలో పెట్టాడు. నిజమే, కదల్లేదు. గడ్డం కింద నా బొటనవేలు ఆనితే దవడ రబ్బరులా లోపలికి వంగింది.

సరీసృపాలను చూసే పశువైద్యుడు దొరకడానికి పదిరోజులు పట్టింది. ఆయన తీయించిన ఎక్స్‌రేలో ఎముకలు కండ నుంచి విడిగా కనిపించనే లేదు. రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. ఆ నిండైన తొడల్లో ఉన్నది కొవ్వూ కాదు, కండా కాదు. మెత్తబడిన ఎముకను నిలబెట్టుకోవడానికి ఒళ్లు దాని చుట్టూ పేర్చుకున్న పీచు. ఇంటిల్లిపాదీ పుష్టి అనుకున్నది జబ్బు, మాలిమి అనుకున్నది లేవలేకపోవడం. ఆనాటి నుంచి ఈ సుఖమైన పెంపకం మాట వినపడినప్పుడల్లా నా బొటనవేలికి ఆ దవడ తగులుతుంది. అందుకే ఆ మాటను నిలబెడుతున్న వాదాలను ఒక్కొక్కటిగా తీసుకుని జవాబు చెబుతాను.

మొదటి వాదం: "గోడమీది బల్లిని ఎవరు పెంచుతున్నారండీ? ట్యూబ్‌లైటు పక్కన దాని బతుకు అది బతకడం లేదూ? ఇదీ ఆ జాతే కదా." బల్లి మీద పడితే పంచాంగం తీసి శాస్త్రం వెతుకుతాం గాని, అది ఎలా బతుకుతోందో ఒక్క రోజైనా చూడం. గోడమీది బల్లికి ఇల్లంతా ఉంది. ఉక్కపోస్తే పటం వెనక్కి పోతుంది. చలేస్తే ఫ్రిజ్ వెనక వెచ్చదనం వెతుక్కుంటుంది. తడి కావాలంటే స్నానాలగది ఉంది, తిండికి దీపం చుట్టూ పురుగులున్నాయి. దాన్ని బతికిస్తున్నది చోటు మార్చుకునే స్వేచ్ఛ. సరీసృపానికి ఆ స్వేచ్ఛే దుప్పటి, అదే గొడుగు, అదే మందు. మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేని జీవి అది. వేడిని వెతుక్కుంటూ, వేడి నుంచి తప్పుకుంటూ రోజంతా తన ఒంటిని తానే సరిచేసుకుంటుంది.

అలాంటి జీవిని నాలుగు గాజుపలకల మధ్య పెట్టిన క్షణాన ఆ స్వేచ్ఛను మనం లాక్కున్నాం. ఇక దాని ఎండ మనమే, నీడ మనమే. వాన, చెట్టు, రాత్రి అన్నీ మనమే. కుక్క ఎండ తగిలితే మంచం కిందికి దూరుతుంది, దాహమేస్తే వచ్చి మన కాలు గోకుతుంది. ఇగ్వానాకు మనం వాతావరణాన్నే వండి వడ్డించాలి. పై కొమ్మ మీద, దీపం కింద 35 డిగ్రీలు ఉండాలి. కింద నీడలో 27, 28 ఉండాలి. రాత్రి 24కు తగ్గకూడదు. ఆ వేడీ ఆ నీడా ఒకే పెట్టెలో, ఒకే వేళలో ఉంటే ఏ కొమ్మ మీద ఎంతసేపు కూర్చోవాలో అది ఎంచుకుంటుంది. దీనికి ఒక థర్మామీటరు చాలదు. పైన ఒకటి, కింద ఒకటి కావాలి. రోజూ చూసే కళ్లు కావాలి.

రెండో వాదం మన ఎండను చూసి పుట్టింది. "దీపాలు, హీటర్లు చలిదేశాల గొడవ. రామగుండంలో 45 డిగ్రీలు కాస్తుంటే మనకెందుకు?" ఇక్కడ వేడినీ వెలుగునూ కలిపేస్తున్నారు. ఇగ్వానాకు రెండూ కావాలి, ఒకటి ఉంటే రెండోది వచ్చినట్టు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే భాగం చర్మానికి తగిలితేనే ఒంట్లో విటమిన్ డి3కి ముడిసరుకు తయారవుతుంది. ఒంటి వెచ్చదనంతో అది డి3గా మారుతుంది. ఆ డి3 ఉంటేనే పేగులు ఆహారంలోని కాల్షియాన్ని పట్టుకుంటాయి. అది లేకపోతే రక్తానికి కావలసిన కాల్షియం కోసం ఒళ్లు తన ఎముకల్నే కరిగించుకుంటుంది. మా వాడి ఇగ్వానా దవడ అలాగే కరిగింది.

మామూలు బల్బులో ఈ యూవీబీ లేదు. కిటికీ అద్దం దాటి దాదాపు రాదు. "మా పెట్టెను కిటికీ దగ్గరే పెట్టాం, బోలెడంత ఎండ" అని తృప్తిపడే ఇంట్లో ఆ జీవికి అందుతున్నది వెలుతురు మాత్రమే. సరే అని గాజుపెట్టెనే తీసుకెళ్లి ఎండలో పెడితే అది ఇంకా ఘోరం. తలుపులు బిగించి ఎండలో నిలిపిన కారులా పెట్టె లోపల వేడి పేరుకుని నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. యూవీబీ ట్యూబులు కొని పెట్టినా కథ ముగియదు. కంటికి వెలుగుతూనే కనిపిస్తాయి గాని ఆ కిరణాలు నెలనెలా తగ్గిపోతాయి, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు కొత్తది వేయాలి. వెలుగుతున్న ట్యూబును తీసి పారేయడం మన పొదుపు బుద్ధికి కష్టంగానే ఉంటుంది. ఆ పొదుపు ఖర్చును దాని వెన్నెముక భరిస్తుంది.

ఇక మన వేడి సంగతి. వేసవిలో అపార్ట్‌మెంట్లలో ఏసీ 22 మీద పెట్టుకుంటాం. చలికాలం హైదరాబాద్ రాత్రులు 15 డిగ్రీల కిందికి పోయే రోజులుంటాయి. ఏసీ గాలి మన పెదవులనే పగలగొడుతుంది, తేమ నిండిన మధ్య, దక్షిణ అమెరికా అడవుల నుంచి వచ్చిన జీవిని ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. పాత చర్మం పూర్తిగా ఊడక వేళ్ల చుట్టూ దారంలా బిగుసుకుంటుంది. నెత్తురు ఆడక వేళ్ల కొసలు నల్లబడి రాలిపోతాయి. రోజుకు రెండుమూడుసార్లు నీళ్లు చిలకరించడం ఆ వేళ్లను కాపాడే పని.

ఈ రెండో వాదంలో ఒక నిజం ఉంది, దాన్ని దాచను. మన ఎండ నిజంగా వరమే. ఏ ట్యూబూ దానికి సాటి రాదు. గాజుకు బదులు ఇనుప వల బిగించిన పంజరంలో, సగం నీడ పడేట్టు గోనెపట్టా కప్పి, ఉదయం పూట బాల్కనీలో కాసేపు ఉంచితే చలిదేశపు పెంపకందార్లు వేలు పోసినా దొరకనిది మనకు ఉచితంగా దొరుకుతుంది. కానీ ఉచితం అంటే శ్రమ లేదని కాదు. కాకి, గద్ద, పిల్లి, ఎండ ముదిరే వేళ, వీటన్నిటికీ పక్కన ఒక మనిషి కాపలా ఉండాలి.

మూడో వాదం తిండి గురించి. "కాసిని ఆకులేగా." ఆకులే, కానీ ఏ ఆకులన్నదే ప్రశ్న. ఇగ్వానా శాకాహారి. ఆకు అరిగించడం అంత తేలికైన పని కాదు, అందుకే పెద్దపేగులో సూక్ష్మజీవులను పెట్టుకుని ఆకును పులియబెట్టుకుంటుంది. అడవిలో పిల్లలు ఆ సూక్ష్మజీవుల కోసం పెద్దవాటి పెంటను తింటాయి. ఆ పులియడానికి వేడి కావాలి. చలిగదిలో ఉన్న ఇగ్వానాకు ఎంత మంచి ఆకు వేసినా కడుపులో మురగడమే తప్ప అరగదు. పెట్టెలో వేడి సరిగా లేకపోతే తిండి సరిగా పెట్టినట్టు కాదు.

ఆకులో కాల్షియం భాస్వరం కన్నా ఎక్కువ ఉండాలి, రెండింతలుంటే మేలు. మన పెరట్లో దీనికి కొరత లేదు. మల్బరీ ఆకు, మందార ఆకు, మందార పువ్వు, మునగాకు మార్చిమార్చి వేసి, సొరకాయ, గుమ్మడికాయ సన్నగా తురిమి కలిపితే చక్కగా సరిపోతుంది. తీరా మనం వేసేదేమిటి? నీళ్లు తప్ప సారం లేని కీరదోస. క్యాబేజీ. ఇనుము ఉంటుందని పాలకూర. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని కట్టిపడేస్తాయి. అప్పుడప్పుడు ఓ రెమ్మ ఫరవాలేదు గాని రోజూ అదే పెడితే కాల్షియం పెట్టే చేత్తోనే లాక్కున్నట్టు. "బలం రావాలి" అని ఉడికిన గుడ్డు, కోడిమాంసం పెట్టే ప్రేమికులూ ఉన్నారు. ఆ ప్రేమ దాని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

నాలుగో వాదాన్ని ఎవరు పుట్టించారో గాని చాలా గట్టిగా పాతుకుపోయింది: "పెట్టె ఎంత ఉంటే అంతే పెరుగుతుంది." ఏ జీవీ గది కొలతలు చూసి పెరగదు. చిన్న పెట్టెలో ఉండి పెరగని ఇగ్వానా ఉందంటే అది ఆకలితోనో జబ్బుతోనో గిడసబారిందని అర్థం. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మనకో సామెత ఉంది. ఇగ్వానా విషయంలో ఆ సామెత కూడా చాలదు. జానెడు పిల్ల సరిగా పెంచితే తోకతో కలిపి అయిదడుగులు దాటుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లు బతకగలదు. డిగ్రీ మొదటి ఏడాదిలో కొన్న కుర్రాడికి పెళ్లయి పిల్లలు పుట్టి వాళ్లు బడికి వెళ్లేదాకా ఆ జీవి ఇంట్లోనే ఉండాలి.

అంత జీవికి ఆరడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పైనా కావాలి. పొడవుకన్నా ఎత్తును గట్టిగా అడుగుతాను, ఎందుకంటే ఇది చెట్టెక్కే జీవి. నేల మీద ఉన్నంతసేపు దానికి ప్రాణభయమే, ఎత్తున ఉంటేనే ధైర్యం. మన నడుం ఎత్తుకు కూడా రాని తొట్టిలో పెట్టడమంటే బతికినన్నాళ్లూ దాన్ని నేల మీద, శత్రువు ఎదుట నిలబెట్టడం. ఆడది అయితే ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. మగతోడు లేకపోయినా అది గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి మట్టి నింపిన తావు లేకపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దుకాణంలో ఇది మగో ఆడో తేల్చి చెప్పరు, ఆ వయసులో తేల్చడమూ కష్టమే. అంటే కొనే ప్రతివాడూ రెండింటికీ సిద్ధపడే కొనాలి.

ఇప్పుడు అన్నిటికన్నా బలమైన వాదం: "అవన్నీ సరేనండీ, కానీ మాది హాయిగానే ఉంది. ఏ గొడవా చేయదు. ఎత్తుకుంటే కళ్లు మూసుకుని పడుకుంటుంది." ఈ మాట విన్నప్పుడే నాకు గుండె జారుతుంది.

ఇగ్వానా నడినెత్తిన లేతరంగు పొలుసు ఒకటి ఉంటుంది. దాని కింద ఉన్నది మూడో కన్ను. అది బొమ్మలు చూడదు, వెలుగునీడలు గుర్తుపడుతుంది. పైనుంచి గద్ద నీడ పడగానే పారిపోవడానికి ప్రకృతి ఇచ్చిన కాపలా అది. ఈ ముక్కంటి మీదికి రోజూ పైనుంచి మూత తీసి చెయ్యి దించుతాం. దాని లెక్కలో ఆ చెయ్యి గద్దే. ఆరోగ్యంగా ఉన్న ఇగ్వానా ఆ క్షణంలో కొమ్మ మారుతుంది, గొంతు కింది తిత్తిని విప్పుతుంది, తోకతో కొరడాలా కొడుతుంది. కొట్టనిది, కదలనిది, కళ్లు మూసుకున్నది మనల్ని నమ్మి అలా ఉండవచ్చు, నెలల తరబడి ఓపికతో పక్కనుంచి చెయ్యి చాచి మచ్చిక చేసుకుని ఉంటే. అలా చేయకుండానే మొదటి నెల నుంచీ "సాధువు"గా ఉందంటే అది చల్లబడి ఉంది, లేదా భయంతో బిగుసుకుని ఉంది, లేదా ఎముకలు కరుగుతూ ఉంది. వేటాడబడే జీవి జబ్బును దాచుకుంటుంది, బయటపెడితే గద్దకు ముందు దొరికేది అదే గనక. జబ్బు మన కంటికి కనిపించే నాటికి నెలలు గడిచిపోయి ఉంటాయి. కుక్క మూలుగుతుంది, ఆవు మేత మానేసి అరుస్తుంది. ఇగ్వానాకు గొంతు లేదు. గొంతు లేని జీవికి కష్టం లేదనుకోవడం న్యాయమేనా?

"అంత సున్నితమైనదైతే ప్రకృతిలో ఎలా బతికింది?" అని కొందరు ఎదురు అడుగుతారు. అది సున్నితమైనది కాదు, మహా గట్టి పిండం. 1995 అక్టోబరులో కరీబియన్‌లోని ఆంగ్విల్లా దీవి ఒడ్డుకు, తుపాను పెళ్లగించిన చెట్ల దుంగల మీద కనీసం 15 ఆకుపచ్చ ఇగ్వానాలు కొట్టుకొచ్చాయి. అంతకుముందు ఆ దీవిలో ఆ జాతే లేదు. తిండీ నీడా లేని సముద్రాన్ని దాటొచ్చిన జాతి మన డ్రాయింగ్ రూములో రెండడుగుల తొట్టిలో ఏడాది తిరక్కుండా ఎముకలు కరిగి చస్తోందంటే తప్పు ఆ జాతిలో లేదు. ఆ దుంగల మీద దానికి ఎండ ఉంది. మన తొట్టిలో అది లేదు.

చివరిగా, మోయలేనప్పుడు వినిపించే వాదం: "కుదరకపోతే ఏ చెరువు గట్టునో, అడవిలోనో వదిలేద్దాం, స్వేచ్ఛగా బతుకుతుంది." ఈ దయ వల్ల ఏమైందో అమెరికాలోని ఫ్లోరిడాను అడగాలి. పెంపకం నుంచి తప్పించుకున్నవీ వదిలేసినవీ అక్కడ వేలల్లో పెరిగి కాలువ గట్లను తవ్వి, తోటలు మేసి, తీరని సమస్యగా మారాయి. చలి గాలులు వచ్చినప్పుడు కొయ్యబారి చెట్ల మీంచి రాలిపడతాయి. 2020 జనవరిలో మయామీ వాతావరణ కార్యాలయం చెట్ల మీంచి ఇగ్వానాలు పడొచ్చని జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. 2021లో ఆ రాష్ట్రం వాటిని నిషిద్ధ జాతుల జాబితాలో చేర్చింది. ఫిజీ దీవుల్లోనూ ఇదే గోడు, అక్కడి స్థానిక ఇగ్వానాలకు ఇవి ముప్పుగా తయారయ్యాయి. వదిలేయడం ఆ ఒక్క జీవికి శిక్ష కావచ్చు, బతికి నిలిస్తే మన తొండకూ ఊసరవెల్లికీ ఆపద కావచ్చు. ఏ విధంగా చూసినా అది దయ కాదు.

ఇంతా విన్నాక "అయితే పెంచడమే మానమని చెప్పొచ్చుగా" అనేవాళ్లుంటారు. ఆ మాటలో న్యాయం ఉంది, ఇంకా కొననివాళ్లలో నూటికి తొంభైమందికి నేను చెప్పేదీ అదే. కానీ ఇప్పటికే మన ఇళ్లలోకి వచ్చేసిన జీవులున్నాయి. వాటికి వెనక్కి వెళ్లే అడవి లేదు. వాటి విషయంలో మనకు మిగిలిన ధర్మం సరిగా పెంచడమే. చట్టం కూడా ఇప్పుడు అదే అడుగుతోంది. ఇగ్వానా 1977 నుంచి అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒప్పందమైన సైట్స్ రెండో అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవిని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నా దగ్గరున్నదానికి నేను చేయించాను. కాగితాలు లేని పిల్లను కొనడమంటే దొంగరవాణాకు డబ్బు కట్టడమే. ఇక మన ఉడుము, మన ఊసరవెల్లి 1972 చట్టం రక్షణలో ఉన్నవి, వాటిని పట్టి పెంచడం నేరం.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పి తీరాలి. సరీసృపాల పేగుల్లో సాల్మొనెల్లా సూక్ష్మజీవులు వాటికి హాని చేయకుండానే ఉంటాయి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అసలు తేకపోవడమే మేలు.

నా సిద్ధాంతం సూటిగా చెబుతాను. పెంపకం తేలికా కష్టమా అన్నది ఆ జీవి ఎంత గొడవ చేస్తుందన్న దాన్నిబట్టి తేల్చకూడదు. దాని దగ్గర మనం ఎంత లాక్కున్నామో, దాన్నిబట్టి తేల్చాలి. ఆ లెక్కన గాజుపెట్టెలోని చెట్టు జీవి కన్నా పెద్ద బాధ్యత ఇంట్లో మరొకటి లేదు. మొదట గూడు కట్టాలి, వేడీ వెలుగూ తేమా వారం రోజులు కొలిచి సరిచూసుకోవాలి, సరీసృపాలు చూసే వైద్యుడి ఫోన్ నంబరు చేతికి రావాలి. ఆ తర్వాతే జీవిని తేవాలి. ఈ వరసలో చేయలేనివాళ్లు తేకూడదు.

మా వాడి ఇగ్వానా ఎక్స్‌రే రోజునే మా ఇంటికి వచ్చేసింది. కాల్షియం మందు, కొత్త ట్యూబు, మల్బరీ ఆకు, బాల్కనీలో పొద్దుటి ఎండ. నెల గడిచినా మార్పు లేదు. రెండో నెలలో కింది కొమ్మ ఎక్కింది. నాలుగో నెలలో ఒకరోజు ఆలోచించకుండా పైనుంచి చెయ్యి పెట్టాను. గొంతు తిత్తి విప్పి, పక్కకు తిరిగి, తోకతో ఒక్కటి ఇచ్చింది. మోచేతి మీద ఎర్రగా వాత తేలింది. మా ఆవిడ కంగారుగా పరుగెత్తుకొచ్చింది. నేను ఆ వాతను చూసుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను. వెన్ను ఇప్పటికీ కొంచెం వంకరే, అది ఇక తిన్నగా కాదు. కానీ అది తనను తాను కాపాడుకోగలిగిన మొదటి రోజు అది. మీ ఇంట్లో సాధువైన ఇగ్వానా ఉంటే ఇవాళే దాని దవడ కింద వేలు ఆనించి చూడండి.